బతికున్న మామకు ఏడుపు పాట

బిష్కెక్
12 అక్టోబరు 2002

మామా,

నువ్వు ఇల్లు చేరావని అమ్మ పోస్టాఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పింది. అత్తయ్య, ఆవులు, కొలిమి, నీ బూడిదరంగు గుర్రం అందరూ కులాసా అని తలుస్తాను. ఎక్స్‌రే తీశారు కదా, ఫలితం వచ్చేదాకా ఆగు అని బతిమాలితే ఆగావా? గుర్రాలకు చలికాలపు నాడాలు కొట్టాలని పరుగెత్తావు. నీ దగ్గు తగ్గేదాకా ఆ గుర్రాలు నాడాలు లేకుండా నడవలేవా? డాక్టరమ్మ నన్ను మళ్ళీ రమ్మంది. నేనే వెళ్ళి కనుక్కుంటాను, నువ్వు బెంగపడకు.

నా గదిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు "అసలు ఏం వాయిస్తారే మీరు?" అని అడుగుతూనే ఉన్నావు, నేను నవ్వి ఊరుకున్నాను. నీ ముందు చెప్పాలంటే సిగ్గు. కాగితం మీద సిగ్గు లేదు కాబట్టి చెబుతున్నాను. మేం ముగ్గురం. మెడెర్ గిటారును వేళ్ళతో మీటడు, గుర్రపు వెంట్రుకల కమానుతో రాస్తాడు. స్లావా డ్రమ్ములకు డబ్బుల్లేక పాలక్యాన్లు బోర్లించి వాయించడం మొదలుపెట్టాడు, ఇప్పుడు డ్రమ్ములిచ్చినా వద్దంటాడు. నేను పాడతాను. నువ్వు నీ కొలిమిలో చేసిచ్చిన తెమిర్ కోముజ్ ఉంది చూడు, దాన్ని పళ్ళకు ఆనించి మీటుతాను. ఇంట్లో అది ఈగ ముసిరినట్టు మోగేది కదా. మైకు ముందు పెడితే గోడలు అదురుతాయి మామా, నీ సుత్తి దెబ్బలకంటే ఎక్కువ. మూతపడ్డ చెప్పుల ఫ్యాక్టరీ కింద ఒక గది దొరికింది, అక్కడే మా సాధన. మా బృందం పేరు తేజెక్.

ఎందుకు తిడుతున్నావో తెలుసు. పిడక పేరైతే ఏం, పిడక ఏమంత తక్కువది? కాలితే వెచ్చగా ఉంటుంది, పొగకు కళ్ళు మండుతాయి, పేదవాడికి కూడా దొరుకుతుంది. మా పాట అలాగే ఉండాలని.

పోయిన వారం ఒక రెస్టారెంటు యజమాని పాడమని పిలిచాడు. రెండో పాట అయ్యేసరికి ముగ్గురికీ భోజనం పెట్టించి, "తిని వెళ్ళిపోండమ్మా, మళ్ళీ వాయించకండి" అన్నాడు. మంచివాడు. తిండి పెట్టి మరీ పంపాడు.

నాన్న ఇచ్చిన గడువు మార్చిలో నూరూజ్ పండగ దాకా. అప్పటికి మా పిడక రాజుకోకపోతే నేను ఊరికి వచ్చి బడిలో సంగీతం టీచరుగా చేరాలి. ఈ కాస్త గడువూ నీవల్లే వచ్చింది. మన ఆచారం ప్రకారం మేనకోడలు మేనమామను ఏది కోరినా కాదనకూడదు. అందరూ గుర్రప్పిల్లను కోరతారు. నేను నీ నోటిని కోరాను. నువ్వు రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టి నా తరఫున నాన్నతో మాట్లాడావు. ఆ మాట ఒక్కటే నన్ను ఇక్కడ నిలబెట్టింది. నాన్న నిన్ను తప్ప ఎవరినీ లెక్కచేయడు.

ఒక సహాయం. తాతయ్య పోయినప్పుడు అమ్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుని పాడిన ఏడుపు పాట నాకు సగమే గుర్తుంది. "కొలిమి చల్లారిన ఇంటికి" తరవాత ఏమిటి? రాసి పంపు.

నీ మేనకోడలు
బురుల్


సారీ-బులుం
2 నవంబరు 2002

అమ్మడూ బురుల్,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపిస్తూ ఆ పేరు దగ్గర దగ్గు వచ్చినట్టు నటించి దాటేశాను. ఆవిడ వదిలితేనా! "ఏమిటా పేరు, మళ్ళీ చదవండి" అంది. చదివాను. పిండి మొత్తం కలిపి, చేతులు దులుపుకుని "నగరానికి పంపి చదివిస్తే పిడకలు చేస్తోందా" అంది. ఊళ్ళో ఎవరైనా అడిగితే పువ్వు పేరు చెబుదామని ఇద్దరం ఒప్పుకున్నాం. ఏ పువ్వో ఇంకా తేల్చుకోలేదు.

ఇక్కడ మంచు అప్పుడే మోకాళ్ళ దాకా ఉంది. నాడాల పని బాగానే ఉంది. బూడిదరంగుదానికి పొగరెక్కింది, నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. పోయిన శుక్రవారం మీ నాన్న కింది ఊరి నుంచి వచ్చి దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "బావా, దీన్ని అమ్మవా?" అన్నాడు. "నా ప్రాణం అడుగు, ఇస్తాను" అన్నాను. నీ మాట ఎత్తలేదు కానీ వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి "నూరూజ్ దగ్గరికొచ్చేసింది" అన్నాడు. ఇంకా చలికాలమే సరిగ్గా మొదలవలేదు, ఈయనకు వసంతం కనబడుతోంది. బడి పెద్దాయన ఆ ఉద్యోగాన్ని నీకోసం ఆపి ఉంచాడట.

మీ నాన్న చెడ్డవాడు కాదు. కూతురు చెప్పుల ఫ్యాక్టరీ కింద అరుస్తోందంటే ఏ తండ్రికి నిద్ర పడుతుంది? నేను ఉన్నంతవరకూ నీ తరఫున మాట్లాడతాను. గడువు పొడిగించమని కూడా అడుగుతాను, సమయం చూసి.

మా అమ్మ పాట అడిగావు. ఇదిగో:

కొలిమి చల్లారిన ఇంటికి
కొండగాలి చుట్టమై వచ్చింది
గుంజకు కట్టిన గుర్రం
ఎవరి అడుగుకు చెవులు నిక్కిస్తోంది

ఇది ఊరికే రాసుకునే పాట కాదు పిల్లా. జాగ్రత్తగా దాచుకో.

డాక్టరమ్మ ఏమందో నువ్వు రాయలేదు. నేనేమీ అడగడం లేదు. ఊరికే అన్నాను.

మీ మామ
ఇమాష్


బిష్కెక్
24 నవంబరు 2002

మామా,

పువ్వు పేరు చెబుతారా! అబద్ధాలు చెప్పి నరకానికి పోతారు ఇద్దరూ.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఫలితం తెలిసింది. అది ఉత్తరంలో రాసే సంగతి కాదు. స్లావా తన పాత కారులో నారిన్ వైపు వస్తున్నాడు, మెడెర్ కమానుకు మంచి గుర్రపు వెంట్రుకలు కావాలట. అతనే మీ ఇంటికి వచ్చి నోటితో చెబుతాడు. అప్పటిదాకా చలిలో తిరగకు, వేళకు తిను, అత్తయ్య మాట విను.

మా సంగతి వింటే నమ్మవు. రేడియోలో శనివారం సాయంత్రం కొత్త గొంతుల కార్యక్రమం వస్తుంది కదా, వాళ్ళు మమ్మల్ని పిలిచారు! ఒక్క పాట రికార్డు చేశారు. రికార్డింగు గదిలో ఉన్నాయన స్లావా క్యాన్లు చూసి "పాలు పక్కవీధిలో పొయ్యండి" అన్నాడు. మేం మొదలుపెట్టాక టీ కప్పు చేతిలో అలాగే చల్లారిపోయింది, తాగలేదు. అయిపోయాక అద్దం అవతల నుంచి "మళ్ళీ ఒకసారి" అన్నాడు. తప్పు పోయిందేమో అనుకున్నాం. "తప్పేం లేదు, నేను వినాలి" అన్నాడు. మామా, బిష్కెక్ వచ్చాక ఇంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు.

డిసెంబరు మొదటి శనివారం వస్తుంది. రేడియో బ్యాటరీలు మార్చు. ఏ పాటో ఇప్పుడు చెప్పను, నువ్వే విని గుర్తుపట్టాలి.

నీ బురుల్


సారీ-బులుం
15 డిసెంబరు 2002

బురుల్,

నేను పోయాను. ఆ వైభవం ఎలా జరిగిందో విను.

ఆ శనివారం మా బ్యాటరీలు చల్లబడి రేడియో గురకపెట్టింది, మేం ఏమీ వినలేదు. లోయలో మిగతా అందరూ విన్నారు. ఆదివారం పొద్దున్నే నేను పట్టకారుతో నాడా పట్టుకుని కొలిమి ముందు ఉన్నాను. దూరంగా గుర్రాల చప్పుడు. చూద్దును కదా, కొండ మలుపు దగ్గర నుంచి పదిమంది మగవాళ్ళు జీనుల మీద అటూ ఇటూ ఊగుతూ, గుర్రాలను దౌడు తీయిస్తూ "నా తమ్ముడో! నా కొండ కూలిందో!" అని ఏడుస్తూ వస్తున్నారు. ఎవరో పోయారనుకుని నేను కూడా టోపీ సర్దుకుని, గేటు దగ్గరికి పరుగెత్తి, నడుముకు చేతులు పెట్టుకుని "ఓ నా అన్నో!" అని ఏడుపు అందుకున్నాను. మర్యాద కదా.

ముందున్నది సాత్కిన్, మా పెదనాన్న కొడుకు. నన్ను చూసి కళ్ళాలు లాగాడు. గుర్రం ఆగింది కానీ ఆయన ఆగలేదు, మంచులో పడ్డాడు. పడినవాడు లేవకుండానే అడిగాడు: "ఒరే ఇమాష్, నువ్వు ఎవరికోసం ఏడుస్తున్నావురా?"

"నాకేం తెలుసు? మీరు ఎవరికోసం వచ్చారు?"

"నీకోసమే!"

అప్పుడు మీ అత్తయ్య గరిటెతో బయటికి వచ్చింది. అంతమంది మగవాళ్ళు తనను చూసి ఇంకా గట్టిగా ఏడవడం మొదలుపెట్టేసరికి ఆవిడ నా వైపు తిరిగి "మీరేం చేశారు?" అంది. ఏం చేస్తాను, బతికి ఉన్నాను, అదే నా తప్పు.

కూర్చున్నాక తెలిసింది. బురుల్ గొంతు రేడియోలో, మా అమ్మ ఏడుపు పాట. చావు లేకుండా ఆ పాట పాడే ఆడపిల్ల ఈ లోయలో ఎప్పుడూ పుట్టలేదు. పైగా అందులో కొలిమి చల్లారిందని ఉంది. లోయ మొత్తానికి కొలిమి ఉన్నది మన ఇంట్లోనే, ఇంట్లో మిగిలిన మగవాణ్ణి నేనే. ఇంకేం కావాలి? వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపలేం కదా. నా చావుకు వచ్చినవాళ్ళకు నా గొర్రెనే కోసి పెట్టాను. బాగానే తిన్నారు. సాత్కిన్ వెళుతూ నా భుజం తట్టి "మాంసం బాగుంది, పోయినా నీ ఇంటి మర్యాద పోలేదు" అన్నాడు.

నవ్వాను. వాళ్ళు వెళ్ళేదాకా నవ్వాను. తరవాత కూర్చుని నీ పోయిన ఉత్తరం మళ్ళీ తీశాను. ఫలితం రాసే సంగతి కాదన్నావు. మనిషి వచ్చి చెబుతాడన్నావు. ఆ తరవాత ఈ పాట పాడావు. మనవాళ్ళు చెడు కబురు ఎలా చెబుతారో నాకు తెలియదా? మా నాన్నకు కూడా ఎవరూ చెప్పలేదు, ఆయన మా మొహాలు చూసి తెలుసుకున్నాడు.

నీకు తెలిసింది నాకూ తెలిసిందమ్మా. దాని గురించి ఇక రాయకు. నాకు కోపం లేదు, పాట బాగా పాడావట, అందరూ అన్నారు. నీ స్లావాను ఆ మంచులో శ్రమపెట్టకు.

మీ మామ


బిష్కెక్
5 జనవరి 2003

మామా, నా బంగారు మామా,

నీ ఉత్తరం మేం ముగ్గురం చదువుకుని గది నేల మీద పడి నవ్వాం, తరవాత నాకు ఏడుపొచ్చింది. నన్ను క్షమించు. అమ్మమ్మ గొంతు నా గొంతులో ఉందని అందరికీ వినిపించాలనుకున్నాను. లోయ మొత్తం గుర్రాలెక్కి వస్తుందని తట్టలేదు. అత్తయ్య కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. గొర్రె నా ఖాతాలో వెయ్యి.

ఆ సంగతి ఇక్కడికీ పాకింది! బతికున్న మనిషికోసం ఊరిని ఏడిపించిన బృందం అని పత్రికలో వేశారు. నిన్నటిదాకా మమ్మల్ని గెంటినవాళ్ళు ఇప్పుడు "ఆ ఏడుపు పాట పాడండి" అంటున్నారు. ఒక వ్యాపారి పెళ్ళి విందులో పాడమని కబురు పెట్టాడు. పెళ్ళిలో ఏడుపు పాట ఏమిటండీ అంటే "జనం మాట్లాడుకుంటారు" అన్నాడు. మేం వెళ్ళలేదు. మెడెర్ మూడు రోజులు అలిగాడు, వాడికి చలికోటు లేదు పాపం. కానీ క్యాసెట్ వేశారు మామా! అట్ట మీద మా ముగ్గురి బొమ్మ, వెనక పిడకల గోడ. ఏప్రిల్లో ఆల్మటీలో పెద్ద సంగీతోత్సవం, అక్కడికి పిలుపు వచ్చింది. ఏప్రిల్ అంటే నూరూజ్ తరవాత. నాన్నతో నువ్వు మాట్లాడాలి. నువ్వు తప్ప నాకెవరున్నారు?

ఫలితం నీకు తెలిసిపోయిందన్నావు. స్లావా వచ్చేదాకా చెప్పకని అమ్మతో అన్నాను, అయినా చెప్పేసి ఉంటుంది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. స్లావా ఎంత నీరసపడిపోయాడో! కనుమ దాకా వచ్చి, డోలోన్ దగ్గర మంచు విరిగి పడి దారి మూసేస్తే వెనక్కి తిరిగాడు. ఆ మాట తన నోటితోనే నీకు చెప్పాలని దారంతా మన భాషలో అప్పజెప్పుకుంటూ వచ్చాడట. సరే, తెలిసిందిగా. ఇక దాని గురించి రాయను, నీ మాట ప్రకారమే.

నీ
బురుల్


సారీ-బులుం
10 ఫిబ్రవరి 2003

అమ్మడూ,

ఆరోగ్యంగా ఉన్నావు కదా. మీ అత్తయ్య నీకోసం ఉన్ని మేజోళ్ళు అల్లింది, ఆ మెడెర్ అబ్బాయికి నా పాత గొర్రెతోలు కోటు కూడా పెట్టాం. నాకు ఇక దాని పనేముంది.

కొలిమి పని తగ్గించాను. పట్టకారులు, దాగలి సాత్కిన్ కొడుక్కి చూపించాను, ఏది ఎక్కడ ఉంటుందో. మంచి పిల్లవాడు, కాస్త తొందర. పొద్దుటిపూట ఎండలో కూర్చుని కొండలు చూస్తుంటే, ఇన్నాళ్ళూ వీటిని సరిగ్గా చూడనేలేదు అనిపిస్తోంది. నాకు భయం లేదు. ఒకటి రెండు రాత్రులు ఉండింది, పోయింది. మీ అత్తయ్యకు నేనేమీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నిన్న మీ నాన్న వచ్చాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం, ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టి నీ విషయం తేల్చేశాం. ఏం తేల్చామో మీ నాన్నే నీకు చెప్పాలి, కూతురికి చెప్పే హక్కు తండ్రిది. నూరూజ్‌కు వస్తావు కదా, అప్పుడు చెబుతాడు. బూడిదరంగుదాన్ని ఆయన తోలుకెళ్ళాడు. అది గేటు దాటనని మొరాయించింది. నేనే కింది ఊరి దాకా పక్కన నడిచి దిగబెట్టి వచ్చాను.

నువ్వు చల్లగా ఉండాలి. పాడుతూ ఉండాలి.

మీ మామ
ఇమాష్


బిష్కెక్
1 మార్చి 2003

ఇమాష్ మామకు,

అమ్మ ఫోన్ చేసింది. నాన్న బూడిదరంగు గుర్రాన్ని రోజుకు రెండుసార్లు దువ్వుతూ కూనిరాగాలు తీస్తున్నాడట. కొత్త టోపీ కొన్నాడట. "నూరూజ్‌కు తప్పకుండా రా, నాన్న నీతో ఒక మాట చెప్పాలి, మామయ్యే కుదిర్చాడు" అంది. ఏమిటని అడిగితే "నాకూ చెప్పలేదు" అంది.

నేను చిన్నపిల్లను కాను. ఆడపిల్ల తండ్రి ఇంటికి గుర్రం వెళ్ళిందంటే, ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారంటే, దాని అర్థం ఏమిటో కిర్గిజ్ దేశంలో పుట్టిన దూడకు కూడా తెలుసు. ఏ పెళ్ళికొడుకు తరఫున కన్యాశుల్కంగా ఇచ్చావు మామా? సాత్కిన్ కొడుకా, ఆ తొందర పిల్లవాడు? నేను నీ నోటిని కోరాను, నన్ను నిలబెడతావని. నువ్వు ఆ నోటితోనే నన్ను బేరం పెట్టావు. ప్రాణం అడిగినా ఇస్తాను కానీ గుర్రాన్ని ఇవ్వనన్నావు, నన్ను వదిలించుకోవడానికి మాత్రం దాన్ని ఇచ్చేశావు. ఆ ఏడుపు పాటకు ఇంత కోపమా? ఉంటే తిట్టవలసింది. నవ్వుతూ ఉత్తరాలు రాసి వెనక నుంచి పొడుస్తావా?

నవంబరులో ఆ ఆస్పత్రిలో డాక్టరమ్మ "మీ మామ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఉత్త పొగ దగ్గు, ఎండాకాలానికి తగ్గిపోతుంది" అంటే నేను మెట్ల మీద కూలబడి సంతోషంతో ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు నీళ్ళిచ్చారు. స్లావాకు మన సుయుంచు ఆచారం అంటే మోజు. మంచి కబురు తెచ్చినవాడికి ఇంటివాళ్ళు కానుక ఇస్తారంటే వాడికి పండగే. జీవితంలో ఒక్కసారైనా గుమ్మంలో నిలబడి "సుయుంచు!" అని అరవాలని అడిగితే, ఆ కబురు వాడికే ఇచ్చాను. ఎవరికోసం అంత ఏడ్చానో, ఎవరికోసం అంత మురిసిపోయానో ఆ మనిషే నన్ను ఇలా చేశాడు.

నిన్న స్లావా, మెడెర్‌లతో చెప్పేశాను. తేజెక్ లేదు, ఆరిపోయింది, ఎవరి దారి వాళ్ళు చూసుకోండని. ఆల్మటీ వాళ్ళకు రాలేమని కబురు పంపుతున్నాను. నూరూజ్‌కు వస్తాను. మీరందరూ ఏది చెబితే అది చేస్తాను. నీ ఇంటికి మాత్రం రాను.

బురుల్


సారీ-బులుం
9 మార్చి 2003

పిచ్చిదానా! పిచ్చిదానా! పిచ్చిదానా!

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. తిట్లన్నీ తలవంచుకుని చదివాను. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. మళ్ళీ చదివాను. మీ అత్తయ్యను పిలిచి చదవమన్నాను. ఆవిడ గట్టిగా చదివింది. మళ్ళీ చదవమన్నాను. "అయితే ఏమైంది, శుభ్రంగా ఉంటే ఉన్నాయి" అంది. ఆవిడకేం తెలుసు! బయటికి వచ్చి నిలబడ్డాను. కట్టెల మీద కూర్చుని ఏడ్చాను. ఇంత పెద్దమనిషి, గడ్డం ఉన్నవాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు బతకాలని ఉంది బురుల్, చాలా ఉంది. ఇన్ని నెలలూ లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

డిసెంబరు నుంచి నేను చచ్చిపోతున్నాననుకుంటున్నాను! "రాసే సంగతి కాదు, మనిషి వచ్చి చెబుతాడు" అంటే ఎవడైనా ఏమనుకుంటాడు? తరవాత చావు పాట. తరవాత "స్లావా ఎంత నీరసపడ్డాడో". నేను తెలిసిందన్నది చావు సంగతి, నువ్వు తెలిసిందనుకున్నది బతుకు సంగతి. సుయుంచు మంచిదే, కానీ కబురు కనుమ అవతల చిక్కుకుంటే మనిషి ఇవతల పోతాడే!

ఇప్పుడు గుర్రం సంగతి విను. మీ నాన్న గౌరవం పోతుందని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు ఆచారాలన్నీ కాసేపు పక్కన పెడతాను. పెళ్ళికొడుకూ లేడు, బేరమూ లేదు. నేను పోతే నీ తరఫున మాట్లాడే నోరు ఉండదని నాకు దిగులు. గడువు నూరూజ్ దాకా, నేను అప్పటిదాకా ఉంటానో లేదో. అందుకని మీ నాన్నను పిలిచి అన్నాను: "బావా, దీన్ని తీసుకో. బదులుగా నాకు ఒక్క మాట ఇవ్వు. పిల్లకు గడువు లేదు. పాడినంతకాలం పాడుతుంది, ఎవరూ వెనక్కి పిలవకూడదు. నేను ఉన్నా లేకపోయినా." ఆయన గుర్రాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నీకేమైంది బావా?" అన్నాడు. "ఏం లేదు, ముసలితనం" అన్నాను. రొట్టె మీద చెయ్యి వేశాడు, పెద్దమనుషుల ముందు. ఆ మాటే నూరూజ్‌కు నీతో చెప్పాలని మురిసిపోతున్నాడు. కూతురికి మంచి కబురు తానే చెప్పాలని.

కాబట్టి నేను బతికాను, గుర్రం పోయింది. ఇచ్చినదాన్ని అడగలేను కదా, "బావా, నేను చావడం లేదట, నా గుర్రం నాకిచ్చెయ్" అని ఏ మొహంతో అంటాను? నడుస్తాను. నడిస్తే ఊపిరితిత్తులకు మంచిదట, మీ అత్తయ్య ఇప్పుడే డాక్టరమ్మ అయింది.

ఈ ఉత్తరం మినీబస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, పోస్టును నమ్మను. ఆల్మటీ వాళ్ళకు ఏం రాశావో దాన్ని వెనక్కి తీసుకో. ఆ ఇద్దరినీ పట్టుకో. పరుగెత్తు!

బతికున్న మీ మామ


నారిన్ బస్సు స్టాండు
20 మే 2003

మామా,

బస్సు ఎక్కేలోగా రాస్తున్నాను, అక్షరాలు గంతులేస్తే తిట్టకు. నిన్న సాయంత్రం ఇక్కడి క్లబ్బులో కచేరీ అయిన వెంటనే జనం చుట్టుముట్టారు, నిన్ను కౌగిలించుకునే తీరిక కూడా లేకపోయింది. ఆల్మటీలో పాడిన పుణ్యమా అని ఇప్పుడు ఓష్‌లో కచేరీ, అక్కడి నుంచి తాష్కెంట్. ఇన్ని ఊళ్ళు నా నోటితో పలుకుతానని ఎన్నడూ అనుకోలేదు.

మార్చిలో నీ ఉత్తరం అందాక ఎలా పరుగెత్తానో నీకు చెప్పనేలేదు. స్లావా పాలక్యాన్లను బజారులో పాలమ్మే ఆవిడకు ఇచ్చేసి, నొవొసిబిర్స్క్ వెళ్ళే రైలెక్కడానికి స్టేషన్లో కూర్చున్నాడు. నేను వెళ్ళి వాడి ముందు నిలబడి "సుయుంచు!" అని అరిచాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చెప్పాక టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు, "నా దగ్గర కానుకకు ఇదే ఉంది" అన్నాడు. క్యాన్ల కోసం వెళితే వాటినిండా పాలున్నాయి. ఆవిడ బేరం అయ్యేదాకా పక్కన నిలబడి ముగ్గురం పాలు అమ్మిపెట్టాం. మెడెర్‌కు ఇంకా కోపమే. నీ గొర్రెతోలు కోటు వేసుకునే వచ్చాడు మరి. ఆల్మటీ వాళ్ళకు పంపిన కబురు అప్పటికింకా పోస్టులోనే ఉంది, ఫోన్ చేసి అది అందితే చింపెయ్యమన్నాం.

నూరూజ్ నాడు నాన్న చెప్పిన మాట నువ్వు ముందే రాశావని ఆయనకు తెలియనివ్వలేదు. మొదటిసారి విన్నట్టే మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాను. నటన కాదు.

ఒక్కటే గుబులు. నిన్న క్లబ్బులో మూడో వరుసలో నువ్వూ నాన్నా కనిపించారు. నాన్న కొత్త టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. చప్పట్లు కొట్టలేదు. ఏడుపు పాట దగ్గర ఆడవాళ్ళందరూ గొంతు కలిపారు, నువ్వు ఏడుస్తూ నవ్వావు. ఆయన మాత్రం తల ఎత్తలేదు. చివరి పాట కాకముందే లేచి వెళ్ళిపోయాడు. నేను ఒక చరణం మరిచిపోయాను, స్లావా చూసి క్యాన్ల చప్పుడు పెంచి కప్పేశాడు. మాట ఇచ్చాడు కాబట్టి నన్ను ఆపడు, అది తెలుసు. కానీ నచ్చక, మాటకు కట్టుబడి ఊరుకుంటున్నాడంటే అది నాకు వద్దు మామా. ఆయనకు సిగ్గుగా ఉందా? నిజం రాయి. దారిలో ఏమన్నాడు?

ఉత్తరం తాష్కెంట్ పోస్టాఫీసుకు రాయి, నేను వెళ్ళి తీసుకుంటాను.

నీ
బురుల్


సారీ-బులుం
1 జూన్ 2003

అమ్మడూ బురుల్,

నా దగ్గు పోయింది. డాక్టరమ్మ చెప్పినట్టే, ఎండ రాగానే. మీ అత్తయ్య తన పుణ్యం అంటోంది, ఊరుకున్నాను. ఊళ్ళో పువ్వు పేరు ఇక ఎవరూ నమ్మడం లేదు. సాత్కిన్ నీ క్యాసెట్ కొని ట్రాక్టరులో పెట్టుకుని తిరుగుతున్నాడు, "మా పిల్లల పిడక" అని అందరికీ వినిపిస్తున్నాడు. నా చావు కథ కూడా ఉచితంగా చెబుతున్నాడు, ప్రతిసారీ మంచు ఎక్కువవుతోంది.

మీ నాన్న సంగతి అడిగావు.

క్లబ్బు నుంచి బయటికి వచ్చేసరికి ఆయన గుర్రాల దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు. నన్ను బూడిదరంగుదాని మీద ఎక్కమన్నాడు, తను వేరే గుర్రం ఎక్కాడు. ఊరు దాటాం, వంతెన దాటాం. ఆయన మాట్లాడడు. బాగోలేదంటే నీకు ఏమని రాయాలి, అబద్ధం ఎలా కూర్చాలి అని దారంతా అదే ఆలోచన.

చాలా దూరం వచ్చాక దగ్గాడు. ఆ దగ్గు మామూలు దగ్గు కాదని నాకు తెలుసు, గొంతు సరిచేసుకునేది. ఇంకాస్త దూరం పోయాక, నా వైపు చూడకుండా, గుర్రం చెవుల వైపు చూస్తూ అడిగాడు:

"బావా, ఆ ఓష్‌కు ఎటునుంచి పోవాలి?"

మేం ఎల్లుండి బయలుదేరుతున్నాం. నీ ఓష్ కచేరీ ఈపాటికే అయిపోయి ఉంటుందని నిన్న చెప్పాను. తాష్కెంట్ అయితే తాష్కెంట్ అన్నాడు. ముందు వరుసలో రెండు కుర్చీలు పట్టి ఉంచు.

మీ మామ
ఇమాష్